అప్పడాలకర్రా, అట్లపెనమూ, అయిదు జతల బూట్లూ

పోయినేడు దసరా ముందు సంగతి. మా ఇంట్లో చెప్పుల స్టాండు నిండిపోయింది. నిండింది నా చెప్పులతో కాదు లెండి. నాకున్నవి మూడే మూడు జతలు. ఇంట్లోకొకటి, బజారుకొకటి, పెళ్ళిళ్ళకొకటి. మిగతావన్నీ మా అబ్బాయివి. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. దేవుడు వాడికిచ్చింది రెండే కాళ్ళు. బూట్లు మాత్రం పదకొండు జతలు. అందులో నాలుగు జతలు ఇంతవరకూ నేలమీద ఆనలేదు. అట్టపెట్టెల్లోంచి తీస్తాడు, మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, కాసేపు చూసుకుని మురిసిపోయి మళ్ళీ పెట్టెల్లో పెట్టేస్తాడు. మా అత్తగారు పూజగదిలో విగ్రహాల్ని కూడా అంత శ్రద్ధగా తుడిచి యెరగరు.

"ఏమిట్రా యీ చోద్యం?" అంటే, "కలెక్షనమ్మా! నీకు తెలీదులే" అన్నాడు.

వాడు కూడబెట్టేవి మామూలు తోలుబూట్లు కావు. స్నీకర్లట. రబ్బరు అడుగూ, మెత్తటి పైభాగమూ వుండే ఆటబూట్లు. మా చిన్నతనంలో కాన్వాసు బూట్లనేవాళ్ళం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికావాళ్ళు వీటికా పేరు పెట్టారు. తోలు అడుగు టకటకమంటుంది. రబ్బరు అడుగు చప్పుడు చెయ్యదు. వేసుకున్నవాడు పిల్లిలా వచ్చి పిల్లిలా జారుకోగలడు. అదీ పేరులో వున్న సంగతి.

ఓ ఆదివారం కాఫీ తాగుతూ నా ముందొక కాయితం పెట్టాడు. "పండగ సీజనుకి అయిదు జతలు రాసుకున్నాను. అన్నీ కొనలేను, రెండే కొంటాను. ఏవి కొనమంటావో చెప్పమ్మా" అన్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు వాడిది. అయినా కోపం వచ్చింది. నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను కూడా. అంతలో నా బీరువా గుర్తొచ్చింది. అందులో ఆరేళ్ళయినా మడత విప్పని గద్వాలు చీరొకటి వుంది. మంచిది, పోతుందేమోనని కట్టని ఉప్పాడ చీర మరొకటుంది. తల్లి చీరల్ని దాచుకుంటే కొడుకు బూట్లు దాచుకుంటున్నాడు. నోరు మూసుకున్నాను.

"చీర కొనేటప్పుడు అది ఏ వూరి నేతో అడిగి తెలుసుకుంటాను నేను. నీ అయిదు జతలూ ఎక్కడ పుట్టాయో, ఎవరు పుట్టించారో చెప్పు. అప్పుడు చెబుతాను ఏవి కొనాలో" అన్నాను. వాడికి ధరలు తెలుసు, రంగులు తెలుసు. పుట్టుక తెలీదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కదా, ఆ పని నేనే నెత్తిన వేసుకున్నాను. పుస్తకాలు తిరగేశాను. ఫ్యాక్టరీల గురించి చదవబోతే నాకు కనిపించినవి ఏమిటనుకున్నారు? వంటిళ్ళు!

కాయితంమీద మొదటి జత కన్వర్స్ కంపెనీవారి ఆల్ స్టార్. చీలమండ దాటి పైకుండే కాన్వాసు బూటు, పక్కన గుండ్రటి బిళ్ళలో నక్షత్రం. మార్క్విస్ కన్వర్స్ అనే ఆయన 1908లో మసాచుసెట్స్‌లో రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు. 1917లో బాస్కెట్‌బాల్ ఆటకోసం యీ బూటు తెచ్చాడు. 1921లో చక్ టేలర్ అనే ఆటగాడు కంపెనీలో చేరి, వూరూరా తిరిగి పిల్లలకి ఆట నేర్పుతూ బూట్లు అమ్మిపెట్టాడు. ఆ రుణం తీర్చుకోవడానికేమో, తర్వాత ఆ నక్షత్రం బిళ్ళమీద అతని పేరే వేశారు. నూరేళ్ళు దాటినా ఆ బూటు రూపం పెద్దగా మారలేదు.

అయితే రబ్బరు లేనిదే యీ బూటు లేదు కదా. వెనకటి రోజుల్లో రబ్బరంటే ఎండాకాలం కరిగి జిగురు కారేది, కంపు కొట్టేది, చలికాలం చెక్కలా బిగుసుకుపోయేది. దాన్ని లొంగదీసిన మొండిఘటం చార్లెస్ గుడ్ఇయర్. చదువుకున్న రసాయన శాస్త్రజ్ఞుడేం కాదు. ఇనుపసామాన్ల వ్యాపారం చేసి దివాలా తీసినవాడు. అప్పులకింద జైల్లో పడేస్తే, అక్కడికి పచ్చి రబ్బరూ, ఇంట్లో వున్న అప్పడాలకర్రా తెచ్చిపెట్టమని భార్య క్లారిస్సాని అడిగాడని చెబుతారు. ఆవిడ తెచ్చి యిచ్చింది! ఆ ఇల్లాలిని తలుచుకోండి ఒకసారి. ఇంట్లో రొట్టెకి పిండి లేదు, అప్పడాలకర్ర జైల్లో వుంది.

బయటికొచ్చాక కూడా ఆవిడ వంటింట్లోనే ప్రయోగాలు. ఇంట్లో వస్తువులు తాకట్టుకి పోయాయి. పిల్లల బడిపుస్తకాలు కూడా అమ్ముకున్నాడంటారు. పన్నెండుమంది పిల్లల్లో ఆరుగురు పసితనంలోనే పోయారు. చివరికి 1839లో గంధకం కలిపిన రబ్బరు ముద్దొకటి వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు సరికదా, గట్టిపడి సాగే గుణం నిలబెట్టుకుంది. ఇవాళ మన టైర్లకీ, బూట్లకీ, కుక్కరు మూతకుండే రబ్బరు చుట్టకీ మూలం ఆ పొయ్యే. 1844లో పేటెంటు వచ్చింది గానీ డబ్బు రాలేదు. ఆయనకంటే ముందే క్లారిస్సా పోయింది. 1860లో ఆయన పోయేనాటికి సుమారు రెండు లక్షల డాలర్ల అప్పుంది. గుడ్ఇయర్ పేరుతో టైర్ల కంపెనీ వచ్చింది 1898లో. ఆయన కుటుంబానికీ దానికీ సంబంధం లేదు, పేరొక్కటే తీసుకున్నారు. ఆయనకి ఆ పేరైనా మిగిలింది. అప్పడాలకర్ర యిచ్చినావిడకి అదీ లేదు.

రెండో జత, మూడో జత ఒకే తల్లి పిల్లలనొచ్చు. ఒకటి అడిడాస్ వారి సాంబా, ఒకటి ప్యూమా వారి స్వేడ్. జర్మనీలో హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న పట్నం వుంది. పౌలీనా డాస్లర్ అనే ఆవిడ అక్కడ ఇంటి వెనక గదిలో నలుగురి బట్టలూ వుతికి సంసారానికి ఆసరాగా వుండేది. భర్త బూట్ల ఫ్యాక్టరీలో పనివాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక కొడుకు అడాల్ఫ్ తిరిగొచ్చి, తల్లి బట్టలుతికే ఆ గదిలోనే బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. అన్న రుడాల్ఫ్ వచ్చి కలిశాడు. తమ్ముడు కుట్టేవాడు, అన్న అమ్మేవాడు. 1924లో అన్నదమ్ముల పేరుతో కంపెనీ రిజిస్టరయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచిన నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్స్ కాళ్ళకున్నవి వీళ్ళు చేసిన బూట్లే.

తర్వాత అన్నదమ్ములకి చెడింది. ఎందుకు చెడిందంటే ఎవరి కథ వాళ్ళది. అందరూ చెప్పుకునే కథ మాత్రం మనకి బాగా తెలిసిందే: తోడికోడళ్ళకి పడలేదట! చూశారా, దేశం ఏదైతేనేం? లక్షల వ్యాపారం చేసే మొగవాళ్ళు లెక్కలదగ్గర విడిపోయినా, యుద్ధకాలపు అనుమానాలమీద విడిపోయినా, నింద మాత్రం వంటింట్లో వున్నవాళ్ళమీదికే పోతుంది. 1948లో రుడాల్ఫ్ వేరుపడి ప్యూమా పెట్టాడు. 1949లో అడాల్ఫ్ తన ముద్దుపేరు 'అడి'కి, ఇంటిపేరులోని 'డాస్' కలిపి అడిడాస్ అన్నాడు. ఏటికి చెరో వైపు రెండు ఫ్యాక్టరీలు. వూరు వూరంతా రెండుగా చీలింది. ఎదుటి మనిషి ముఖం చూసేముందు కాళ్ళకి ఏ బూట్లున్నాయో చూసేవారని, అందుకే దానికి 'వంచిన మెడల వూరు' అని పేరొచ్చిందని చెబుతారు. అన్నదమ్ములిద్దరినీ ఒకే స్మశానంలో పాతిపెట్టారు, చెరో కొసన. 2009లో గానీ రెండు కంపెనీల పనివాళ్ళూ కలిసి సరదాగా ఒక ఫుట్‌బాల్ ఆట ఆడలేదు.

అన్నట్టు, 1978లో అడాల్ఫ్ పోయాక కంపెనీ పగ్గాలు పట్టుకున్నదెవరో తెలుసా? ఆ నింద మోసిన తోడికోడళ్ళలో ఒకావిడే. ఆయన భార్య కేథె. 1984లో పోయేదాకా ఆవిడే పెద్దదిక్కు. కథలో తగాదా భాగం అందరికీ తెలుసు, యీ భాగం ఎవరూ చెప్పరు.

సాంబా బూటు గడ్డకట్టిన నేలమీద జారకుండా ఫుట్‌బాల్ ఆడుకోవడానికి పుట్టింది. ఇప్పుడు కాలేజీ పిల్లలు కాఫీ తాగడానికి వెళ్ళేప్పుడు వేసుకుంటున్నారు. ప్యూమా స్వేడ్‌ది మరో గొప్ప. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో రెండు వందల మీటర్ల పరుగు గెలిచిన టామీ స్మిత్ దాన్ని వేసుకున్నందుకు కాదు, విప్పినందుకు పేరొచ్చింది. తన జాతి పేదరికాన్ని లోకానికి చూపించడానికి బూటు విప్పి పక్కనబెట్టి, నల్ల మేజోళ్ళతో పతకాల వేదిక ఎక్కి, నల్ల తొడుగున్న పిడికిలి ఎత్తాడు. యీ సంగతి చెప్పినప్పుడు మావాడు కాఫీ కప్పు పట్టుకుని అలాగే వుండిపోయాడు.

నాలుగోది నైకీ వారి వాఫెల్ బూటు. దాని కథకి జపాన్‌నుంచి రావాలి. కోబే నగరంలో ఓనిత్సుకా అనే ఆయన 1949లో బూట్ల కంపెనీ పెట్టాడు. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు ఆగాలంటే ఆగాలి, కదలాలంటే కదలాలి. అలాంటి అడుగు ఎలా చెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, 1951లో ఒకనాటి రాత్రి భోజనంలో పుల్లగా కలిపిన ఆక్టోపస్ ముక్కలు వడ్డించారు. ఆ జంతువు కాళ్ళకి గిన్నెల్లా గుంటలుంటాయి. వాటితో దేన్నైనా అతుక్కుంటుంది. ఆయన అన్నం సంగతి మరిచిపోయి గుంటల్ని చూస్తూ కూర్చున్నాడట. ఆ గుంటలే బూటు అడుక్కి వచ్చాయి.

ఈయన బూట్లని అమెరికాకి తెప్పించి కారు డిక్కీలో పెట్టుకుని అమ్మిన కుర్రాడు ఫిల్ నైట్. అతనికి పరుగుపందాల గురువు బిల్ బోవర్‌మన్ భాగస్వామి. 1964లో వ్యాపారం మొదలుపెట్టారు. 1971లో ఒక ఉదయం బోవర్‌మన్ ఇంట్లో ఫలహారం వాఫెల్స్. గళ్ళు గళ్ళుగా వుండే అట్టు అనుకోండి. మనకి పొంగణాల పెనంలో గుంటలున్నట్టు ఆ పెనానికి గళ్ళుంటాయి, పైనా కిందా మూసి కాలుస్తారు. భార్య బార్బరా కాలుస్తున్న వాఫెల్‌ని చూసి, ఆ గళ్ళనే తిరగేస్తే నేలని పట్టుకునే అడుగు అవుతుంది కదా అని ఆయనకి తట్టింది. అంతే! రబ్బరులాంటి ద్రావకం తెచ్చి పెనంలో పోశాడు. అంటుకోకుండా ఏదో ఒకటి ముందు రాయాలని మరిచాడు. పెనం మూసుకుపోయింది, మళ్ళీ తెరుచుకోలేదు.

దోసె అంటుకుంటేనే ఆ పూట మనకి మనసు బాగుండదు. అది ఆవిడకి 1936లో పెళ్ళికానుకగా వచ్చిన పెనం! ముప్ఫయ్ అయిదేళ్ళు కాపురం చేసిన వస్తువు. దాన్ని ఆ తర్వాత ఇంటి వెనక చెత్తగోతిలో పడేశారు. 2010లో తవ్వకాల్లో బయటపడితే, తుప్పు పట్టిన ఆ పెనాన్ని నైకీ వాళ్ళు తీసుకెళ్ళి దేవుడి విగ్రహంలా అద్దాలపెట్టెలో పెట్టారు. ఆ గళ్ళ అడుగుతో 1972లో చేత్తో చేసిన బూట్ల జతొకటి 2019లో వేలం వేస్తే 4,37,500 డాలర్లు పలికింది.

ఆ కంపెనీ గుర్తు కూడా ఒక ఆడపిల్ల గీసిందే. ఫిల్ నైట్ పోర్ట్‌లాండ్ కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో, బొమ్మల క్లాసుకి రంగులు కొనుక్కోవడానికి డబ్బు లేదని కరొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని అనుకుంటుంటే విన్నాడు. గంటకి రెండు డాలర్లిస్తాను, పని చేస్తావా అన్నాడు. 1971లో ఆ పిల్ల గీసిచ్చిందే మన మాస్టారు సరైన జవాబు పక్కన పెట్టే టిక్కులాంటి ఆ గుర్తు. ఆయనకి పెద్దగా నచ్చలేదట, చూడగా చూడగా నచ్చుతుందేమోలే అని పుచ్చుకున్నాడు. ఆమెకిచ్చింది 35 డాలర్లు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 1983లో పిలిచి ఆ గుర్తున్న వజ్రపుటుంగరమూ, కంపెనీలో కొన్ని వాటాలూ యిచ్చారు. వీళ్ళందరిలో ఆలస్యంగానైనా ఏదో ముట్టిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంక అయిదోది, మావాడు కలలో కూడా కలవరించేది: ఎయిర్ జోర్డాన్. 1984లో మైకేల్ జోర్డాన్ ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. బాస్కెట్‌బాల్‌లో అప్పుడే అడుగు పెడుతున్నాడు. అతని మనసంతా అడిడాస్‌మీద. నైకీ వాళ్ళు పిలిస్తే వెళ్ళనంటే వెళ్ళనన్నాడు. వాళ్ళమ్మ డెలోరిస్ వూరుకోలేదు. నచ్చితే ఒప్పుకో, లేకపోతే మానెయ్, వెళ్ళి వాళ్ళు చెప్పేది విని రావడానికేం అని పట్టుబట్టి విమానం ఎక్కించింది. 1985లో 65 డాలర్ల ధరతో ఆ బూటు బజారుకొచ్చింది. మూడు నాలుగేళ్ళలో ముప్ఫయ్ లక్షల డాలర్ల అమ్మకం జరిగితే చాలనుకున్న కంపెనీకి మొదటి ఏడాదే పన్నెండు కోట్ల అరవై లక్షల డాలర్ల వ్యాపారమయింది. 1998 ఫైనల్స్‌లో జోర్డాన్ వేసుకున్న జత 2023లో వేలానికొస్తే 22 లక్షల డాలర్లు దాటింది. "చూశావా, అమ్మ మాట వింటే ఏమవుతుందో!" అన్నాను మావాడితో. వాడు చెవిలో తీగ పెట్టేసుకున్నాడు.

ఇలా అయిదు జతలూ అయ్యేసరికి నాకొక సందేహం వచ్చింది. అప్పడాలకర్ర యిచ్చింది ఆడది. చాకిరీగది యిచ్చింది ఆడది. పెనం యిచ్చింది, గుర్తు గీసింది, కొడుకుని విమానం ఎక్కించింది ఆడదే. మరి వీళ్ళ కాళ్ళకి ఏ బూట్లుండేవి?

ఆ జవాబు వెతుకుతుంటే బాబీ గిబ్ కనిపించింది. 1966లో బోస్టన్ మారథాన్ పరుగెత్తుతానని దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళ శరీరం అంత దూరానికి తట్టుకోదని తిప్పికొట్టారు. ఆడవాళ్ళకి పరుగుబూట్లే దొరకని రోజులవి. ఆమె సాధన చేసింది నర్సులు వేసుకునే తెల్లబూట్లతో. పందెం రోజున మగపిల్లల బూట్లు వేసుకుని, పొదల్లో దాక్కుని, మధ్యలో కలిసి పరుగెత్తింది. మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాల్లో పూర్తి చేసింది. మరుసటి ఏడు కేథరిన్ స్విట్జర్ తన పేరు పొడి అక్షరాల్లో రాసి నంబరు సంపాదించి పరుగెత్తుతుంటే, ఒక అధికారి వెంటబడి ఆ నంబరు పీకెయ్యబోయాడు. ఆడవాళ్ళని అక్కడ అధికారికంగా ఒప్పుకున్నది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టింది 1984లో. మన పి.టి.ఉష సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకుని దేశాన్నంతా ఏడిపించింది ఆ ఒలింపిక్స్‌లోనే.

బూట్ల సంగతీ అంతే. ఆడవాళ్ళ పాదం మగవాళ్ళ పాదానికి చిన్న నకలు కాదు. ముందుభాగంతో పోలిస్తే మడమ సన్నంగా వుంటుంది. కానీ కంపెనీలు చాలాకాలం మగవాళ్ళ అచ్చునే చిన్నది చేసి, గులాబీరంగు వేసి అమ్మేవి. 1982లో రీబాక్ వారి ఫ్రీస్టైల్ ఆడవాళ్ళ వ్యాయామంకోసమని ప్రత్యేకంగా చేసినదిగా పేరు తెచ్చుకుంది. గుడ్ఇయర్ పొయ్యి వెలిగి అప్పటికి నూట నలభై మూడేళ్ళు!

మన దేశంలో మరీను. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఏడు అంశాల హెప్టాథ్లాన్ గెలిచిన స్వప్నా బర్మన్ రెండు కాళ్ళకీ ఆరేసి వేళ్ళు. మామూలు బూట్లలో పాదం ఇరుక్కుని నొప్పితోనే ఆ పతకం గెలిచింది. ఆ తర్వాతగానీ ఆమె కాలికి సరిపడే బూట్లు తయారవలేదు. అస్సాం పిల్ల హిమాదాస్ మామూలు బూట్లు కొనుక్కుని వాటిమీద 'అడిడాస్' అని తనే చేత్తో రాసుకున్న రోజులున్నాయట. తర్వాత అదే కంపెనీ ఆమె పేరు వేసి బూట్లు చేసిచ్చింది.

ఇదంతా చదువుతుంటే నాకు నా బడి రోజులు ముందుకొచ్చి నిలబడ్డాయి. శనివారం తెల్ల యూనిఫారం, తెల్ల కాన్వాసు బూట్లు. కలకత్తా దగ్గర బాటానగర్ పుట్టిన 1930ల నుంచీ మన దేశంలో బడిపిల్లల కాళ్ళకి ఎక్కిన బూట్లవి. శుక్రవారం రాత్రి అమ్మ వాటిని వుతికి ఆరబెట్టి, మరకలున్నచోట సుద్దముక్కతో రుద్దేది. కొత్తవి అన్నయ్యకి. వాడికి ఇరుకైనవి నాకు. ఇరుకైనవన్నా నాకు రెండు సైజులు పెద్దే. వేళ్ళదగ్గర దూది కుక్కేది. తొమ్మిదో తరగతిలో వంద మీటర్ల పందెం. సగం దూరం నేనే ముందు. అంతలో కుడికాలి బూటు వూడి ఎగిరిపోయింది. ఒంటి బూటుతో కుంటుకుంటూ వెళ్ళి మూడోదాన్నయ్యాను. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఏమీ అనలేదు. వచ్చే వారానికి ఇంకొంచెం దూది కుక్కింది. ఎందుకు కొత్తవి అడగదా నాన్నని అని నాకు చాలా ఏళ్ళు కోపం వుండేది. ఆ రోజుల్లో అమ్మ కాళ్ళకి పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులుండేవని నాకు ఎంత ఆలస్యంగా గుర్తొచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. ఈ వ్యాసం కోసం కూర్చున్నప్పుడే.

అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి. పదిహేనేళ్ళుగా షుగరు. కాలివేళ్ళకి స్పర్శ తగ్గింది. చెప్పు వూడిపోయినా తెలీదు, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగొద్దు, వేళ్ళు మూసివుండే మెత్తటి బూట్లు వేసుకోమని డాక్టరుగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "చీరకింద బూట్లేమిటే, నలుగురూ నవ్వరూ?" అని అమ్మ తెనాలిలో ఆ హవాయి చెప్పులు ఈడ్చుకుంటూనే వుంది. నేనూ రెండుసార్లు చెప్పి వూరుకున్నాను. నాకు పనులు, ఆవిడకి మొహమాటం.

మావాడికి కథలన్నీ చెప్పి, చివర్న యీ ముక్క కూడా చెప్పాను. "మరి ఏవి కొనమంటావు?" అన్నాడు. "ఆల్ స్టార్ కొనుక్కో, నూరేళ్ళ చరిత్ర, ధరా తక్కువ. రెండోది నీ ఇష్టం" అన్నాను. వాడేం మాట్లాడలేదు.

పండక్కి తెనాలి వెళ్ళాం. వాడు సంచిలోంచి పెట్టె తీసి అమ్మమ్మ ముందు కూర్చున్నాడు. బూడిదరంగు బూట్లు. ముందు వెడల్పు, అడుగు మెత్తన, వంగి లేసులు కట్టుకోనక్కర్లేకుండా పట్టీలు. వాడి లెక్కలో అది కలెక్షనుకి పనికొచ్చే జత కానే కాదు. "నాకొద్దురా, పిచ్చివాడా" అంది అమ్మ. "ఇంట్లో వేసుకో అమ్మమ్మా, ఎవరు చూస్తారు?" అని తనే మేజోళ్ళు తొడిగి, పట్టీలు బిగించి, వేళ్ళకి ఎక్కడైనా ఒత్తుకుంటోందేమో నొక్కి నొక్కి చూశాడు. స్పర్శ లేని కాలికి అలా వేరొకరు చూడవలసిందే. అమ్మ లేచి వసారాలో ఇటునుంచి అటు నడిచింది. అటునుంచి ఇటు నడిచింది. "దూది పెట్టక్కర్లేదు" అంది. అదొక్క మాటే. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఉత్తి గిన్నెలు సర్దాను.

బూటు నాలిక వెనక ఎక్కడ తయారయిందో రాసి వుంటుంది. మీ ఇళ్ళలో వున్నవాటిమీద తిరగేసి చూడండి. మేడ్ యిన్ యిండియా అనీ కనిపించవచ్చు. చెన్నై దారిలో తడ దగ్గర మాంబట్టులో అడిడాస్‌కి బూట్లు కుట్టే ఫ్యాక్టరీ వుంది. అక్కడ వేలమంది పనిచేస్తారు, ఎక్కువమంది ఆడపిల్లలే. చుట్టుపక్కల వూళ్ళనుంచి తెల్లవారుతూనే బస్సులెక్కి వెళ్ళి, సాయంత్రందాకా అతుకులు వేసి, కుట్లు కుట్టి వస్తారు. జర్మనీలో ఒక తల్లి చాకిరీగదిలో మొదలయిన పని తిరిగి తిరిగి మన ఆడపిల్లల చేతుల్లోకే వచ్చింది. ఆ పిల్లల్లో ఎంతమంది కాళ్ళకి హవాయి చెప్పులున్నాయో అని మాత్రం నాకు అనిపించకపోలేదు.

ఏడాది గడిచింది. మళ్ళీ సీజను వస్తోంది. మావాడు మళ్ళీ కాయితం రాస్తున్నాడు. అమ్మకి ఇప్పుడు పొద్దున్నే వీధి చివరి గుడిదాకా బూట్లతోనే నడక. గుడి మెట్లదగ్గర విప్పి, పక్కన పూలమ్మే ఆవిడకి అప్పజెప్పి లోపలికి వెళుతుందట. ఎవరూ నవ్వలేదు. పైగా ఇద్దరు ముసలమ్మలు ఎక్కడ కొన్నావని అడిగారట. మొన్న ఫోనులో, "మీవాడితో చెప్పవే, అడుగు అరిగిపోయింది, మడమ దగ్గర జారుతోంది" అంది.

మా ఇంటి స్టాండుమీద వున్నవాటిలో నాలుగు జతల అడుగులు ఇప్పటికీ కొత్తగా మెరుస్తూనే వున్నాయి. మావాడి కాయితంలో యీసారి మొదటి వరసలో రాసింది మాత్రం ఏ పేరున్న బూటూ కాదు. "అమ్మమ్మకి ఇంకో జత, ఆరో నంబరు, వెడల్పుది" అని రాసి, కింద గీత గీశాడు.